బడి ముందు బండి: కొత్త డ్రైవరుకి పాత డ్రైవరు చెప్పే కిటుకులు

తమ్ముడూ, స్కూలు బస్సు తాళాలు నీ చేతికిచ్చారని విన్నాను. సంతోషం. హెవీ లైసెన్సు, ఐదేళ్ళ అనుభవం, అరవై దాటని వయసు, అన్నీ చూసే తీసుకుని ఉంటారు. అవన్నీ కాగితం మీది సంగతులు. బడి బస్సు నడపడం వేరే విద్య. ఇరవై రెండేళ్ళు ఆ పసుపు బండి సీట్లో కూర్చున్నవాణ్ణి, నా మాట విను. ఇప్పుడు వేరే సీట్లో కూర్చుంటున్నాననుకో. ఆ కథ తర్వాత.

ముందు బోర్డు సంగతి చెప్పుకుందాం. మన బడికి కాస్త ఇవతల ఎర్రంచు త్రికోణంలో బడిపిల్లల బొమ్మ ఉంటుంది. దాని కింద గుండ్రంలో 25 అని అంకె. ఈ బోర్డుని డ్రైవరు చూడాల్సిన పనిలేదు. రోడ్డు వేసిన కాంట్రాక్టరు బిల్లు పాసవడానికి పాతించుకున్నది అది. మన బోర్డు మీద పైసగానికి ఏదో ఇంజనీరింగు కాలేజీ అడ్మిషన్ల పోస్టరు అంటించారు. 25లో ఐదుని వేపకొమ్మ కమ్మేసింది. పిల్లల తలకాయలు పోస్టరు కిందకి పోయి, కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటాయి. కాళ్ళున్న పిల్లలు, వాళ్ళే తప్పుకుంటారు అని దాని అర్థం. నేను ఇరవై రెండేళ్ళూ అలాగే చదువుకున్నాను.

ఎవరైనా ఆపి 25 సంగతేమిటని అడిగితే తల దించుకోకు, అంకెలతోనే కొట్టు. పురపాలక రోడ్ల మీద బస్సులకు 60 దాకా పోవచ్చని 2018 ఏప్రిల్‌లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చిందను. స్కూలు బస్సుకు బిగించే స్పీడ్ గవర్నరు కూడా కేంద్రం రూలు ప్రకారం 60 దగ్గరే పట్టుకుంటుందను. సీబీఎస్‌ఈ వాళ్ళు 2017లో 40 అన్నారు. 2020లో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల మంత్రులు కూర్చుని, మనుషులూ బళ్ళూ కలిసి తిరిగే చోట 30 చాలని తీర్మానం చేశారు. ఇన్ని అంకెలున్నప్పుడు అన్నిటికంటే పెద్దది తీసుకోవడం న్యాయం. ప్రజల భద్రత కోసం ఫలానా చోట ఇంతకంటే తక్కువే పోవాలని బోర్డు పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షనులో రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, బోర్డు ఉన్నచోట బోర్డు అంకే చెల్లుతుంది అని చెప్పే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎవరైనా తగలొచ్చు. అలాంటివాడు తగిలితే చిరునవ్వు నవ్వి, "పిల్లలకి టైమైపోతోంది సార్" అను. పిల్లల పేరు చెప్పుకుని పిల్లల ముందు వేగంగా పోవచ్చు, ఇబ్బంది లేదు.

ఇంతకీ ఎందుకంత తొందర అంటావా? లెక్క చూడు. మన బడి ముందు ఆ బోర్డు నుంచి అవతలి బోర్డు దాకా మూడొందల మీటర్లు. 25లో పోతే నలభై మూడు సెకన్లు పడుతుంది. 60లో పోతే పద్దెనిమిది. అంటే ఒక్కో విడతకి ఇరవై అయిదు సెకన్లు లాభం. పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు. పోవడం, రావడం కలిపి రోజుకి ఎనిమిదిసార్లు ఆ ముక్క దాటుతాం. ఏడాదికి బడి రెండొందల ఇరవై రోజులు. అన్నీ గుణిస్తే ఏడాదికి పన్నెండు గంటలు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసు మొత్తం మీద పదకొండు రోజులు మిగిల్చాను! ఏ బ్యాంకు ఇస్తుంది ఆ వడ్డీ?

ఈ లెక్క ఓసారి బస్సులో గొప్పగా చెప్తుంటే, ముందు సీట్లో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల అడ్డం వచ్చింది. "అంకుల్, గేటు దగ్గర మీరు ఆగాలి కదా. మూడొందల మీటర్లూ అరవైలో ఎలా పోతారు? ఆగే ముందు బ్రేకు తొక్కాలి, బయల్దేరాక స్పీడందుకోవాలి. మీకు మిగిలేది అందులో సగం కూడా ఉండదు" అంది. అలాంటి పిల్లల్ని వెనక సీటుకి పంపించెయ్యాలి. ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు, నోట్సు వెనక కాగితం మీద ఇంకో లెక్క వేసి చూపించింది. ఎదర మనిషిని చూశాక కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికే ఒక సెకను పడుతుందట. 25లో ఆ సెకనులోనే బస్సు ఏడు మీటర్లు పోతుంది, ఆ తర్వాత ఇంకో ఐదు మీటర్లకు ఆగుతుంది. మొత్తం పన్నెండు. మన బస్సు పొడవు కంటే ఓ అడుగో రెండడుగులో ఎక్కువ. అదే 60లో అయితే కాలు బ్రేకు మీద పడేలోగానే పదహారు, పదిహేడు మీటర్లు పోతుంది. బ్రేకు పట్టాక ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. మొత్తం నలభై నాలుగు మీటర్లు, దాదాపు నాలుగు బస్సుల పొడవు. అదీ రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు కొత్తవైతేనట. "స్పీడు రెట్టింపు దాటితే బ్రేకు దూరం రెట్టింపు కాదంకుల్, నాలుగింతలు దాటుతుంది" అంది. ఐదింతలకు పైనే వచ్చింది లెక్కలో. ఆ కాగితం అద్దం తుడవడానికి పనికొచ్చింది.

ఇన్ని చేసి మిగిల్చిన సెకన్లను ఏం చేస్తావని అడగవేం? చెప్తాను. గేటు ముందు నిలబడి ఖర్చుపెడతావు. మన బడిలో మొదటి ట్రిప్పు పిల్లలు 7:45 కల్లా దిగి గ్రౌండులో ఆడుకుంటుంటారు. వాళ్ళ మధ్యలోకి బస్సు రాకూడదని, 8:40కి బెల్లు కొట్టి వాళ్ళు ప్రేయరు లైన్లో నిలబడేదాకా బస్సుల గేటు తియ్యరు. రెండో ట్రిప్పు ఎంత దౌడు తీసి 8:36కి తెచ్చినా, నాలుగు నిమిషాలు ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఆ ఇనుప గేటుని చూస్తూ కూర్చోవాల్సిందే. వాచ్‌మన్‌కి సలాం కొట్టినా, హారను కొట్టినా కదలడు. ఆ రోజుల్లో వాచ్‌మన్ అంటే నాకెంత మంటో!

హారనంటే గుర్తొచ్చింది. బడి, ఆసుపత్రి, కోర్టు, వీటి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలమని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు అంటాయి. అది పెళ్ళి బ్యాండు వాళ్ళకి. మనకి హారనంటే బ్రేకుకి బదులు పనిముట్టు. బ్రేకు తొక్కితే లైనింగు అరుగుతుంది, డీజిలు పోతుంది, మళ్ళీ గేరు మార్చాలి. హారను నొక్కితే ఏదీ అరగదు, ఎదుటివాడి గుండె తప్ప. ఏడేళ్ళ పిల్లవాడు హారను వినగానే ముందుకు ఉరకాలో వెనక్కి తగ్గాలో తెలియక ఉన్నచోటే బిగుసుకుపోతాడు, చూశావా? అది మర్యాదనుకో.

కరస్పాండెంటు గారి గురించి రెండు ముక్కలు. ఆయన నిన్ను పిలిచి ఎన్నడూ వేగంగా నడపమనరు. నోటితో అనరు, టైమ్‌టేబుల్‌తో అంటారు. పొద్దున 6:50కి బండి తీస్తే, దుగ్గిరాల వైపు తొమ్మిది స్టాపులు తిప్పుకుని 7:45కి బడిలో ఉండాలి. వెంటనే నందివెలుగు వైపు ఏడు స్టాపులు. మార్కెట్ యార్డుకి పసుపు దిగే రోజుల్లో దుగ్గిరాల రోడ్డంతా బస్తాల ట్రాక్టర్లే. వాటి కోసం టైమ్‌టేబుల్లో ఒక్క నిమిషం కూడా కలపరు. రెండు ట్రిప్పులకు రెండు బస్సులు కావాలి అన్నామనుకో, కొత్త బస్సంటే లక్షలు, ఇంకో డ్రైవరంటే ఇంకో జీతం. ఉన్న డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీద ఇంకాస్త ఆనితే పైసా ఖర్చులేదు. ఫీజుల మీటింగులో మాత్రం "మా బస్సులు ఎప్పుడూ లేటు కావు" అని పేరెంట్సుకి చెప్తారు. ఆ మాటలో నువ్వున్నావు, నేనున్నాను. పేర్లు చెప్పరంతే.

పేరెంట్సు ఇంకో రకం. ఇప్పుడు వాళ్ళ ఫోనుల్లో మన బస్సు ఒక చుక్క. చుక్క కదులుతుంటే టిఫిన్ పెట్టుకుంటారు. చుక్క ఆగితే ఫోను చేస్తారు. మూడు నిమిషాలు లేటైన రోజు ఆఫీసుకి పదకొండు ఫోన్లొచ్చాయి, నేనే లెక్కపెట్టాను. ఇరవై రెండేళ్ళలో "ఇవాళ బడి ముందు నిదానంగా వచ్చారండీ, థాంక్స్" అని ఒక్క ఫోనూ రాలేదు. తమ్ముడూ, నేను చెప్పే సలహాలన్నిటికీ గురువులు వాళ్ళే. ఎవరికి మెప్పు దొరుకుతుందో చూసి నేర్చుకున్నాను.

పైగా గేటు ముందు వాళ్ళని చూడు. స్కూటీ మీద ముగ్గురు పిల్లలు, నాలుగోది బ్యాగులు. బస్సులు తిరగాల్సిన చోట అడ్డంగా కారు పెట్టి, "ఒక్క నిమిషం" అని వేలు చూపించి లోపలికి పోతారు. బోర్డు వాళ్ళకీ వర్తిస్తుంది. అయినా ఎప్పుడైనా ఏదైనా జరిగితే గుంపు రాళ్ళు వేసేది పెద్ద బండి మీదే. డల్లాసులో ఉన్న మా బావమరిది కొడుకు చెప్పాడు, అక్కడ స్కూలు బస్సు ఆగి పక్కనున్న ఎర్ర స్టాప్ బోర్డు తెరిస్తే వెనకవాళ్ళూ ఎదురొచ్చేవాళ్ళూ కూడా ఆగిపోతారట. బడి దగ్గర మామూలుగా 20 మైళ్ళే, అంటే మన 32. ఆ ముక్కలో ఫోను చేత పట్టుకున్నా ఫైనేనట. విని జాలిపడ్డాను. అంత పెద్ద దేశం, అంత వెడల్పు రోడ్లు, ఏం లాభం?

ఫోను మాటకొస్తే, మనకీ ఉంది చట్టం. చేత్తో ఫోను పట్టుకుని నడిపితే ప్రమాదకర డ్రైవింగు కిందకి, 184వ సెక్షనులోకి వస్తుంది. కాబట్టి చేత్తో పట్టుకోకు, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకో. ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి నుంచి ఫోనొస్తే ఎత్తి తీరాలి మరి. "ఎక్కడున్నావ్?" అని అడగడానికే చేస్తాడు. ఎక్కడున్నామో చుక్కలో కనిపిస్తూనే ఉంటుందనుకో.

ఇక బండి కాగితాలు. విద్యాసంస్థల బస్సులకు ఏటా మే 15తో ఫిట్‌నెస్ అయిపోతుంది. జూన్ 12కి బళ్ళు తెరుస్తారు. ఈ రెండు తేదీల నడుమ మాత్రమే మన బస్సు నిజంగా బస్సులా ఉంటుంది. పసుపు రంగు కొత్తగా మెరుస్తుంది. మొదటి మెట్టు నేల నుంచి 325 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటుంది. నాలుగు మూలల్లో పసుపు లైట్లు నిమిషానికి 60 నుంచి 120 సార్లు ఆరి వెలుగుతాయి. ప్రథమ చికిత్స పెట్టెలో దూదీ ఉంటుంది, మంటలార్పే సిలిండరు మీద తేదీ కూడా కొత్తదే. అది ఏ పక్కబడి నుంచి అరువు తెచ్చిన సిలిండరో అడక్కు. గవర్నరుకి సీలు ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వంగి చూసి సంతకం పెడతాడు. జూన్ 13 నుంచి ఎవరి జీవితం వారిది. డ్రైవరుకి మూడు నెలలకోసారి బీపీ, షుగరు, కంటి పరీక్ష చేయించాలని కూడా రూలుంది. కంటి పరీక్ష బోర్డులో కింది వరుస నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, చూడక్కర్లేదు.

గవర్నరుని చూసి భయపడకు. సీలు విప్పించే మేస్త్రీ కోసం తిరక్కు, ఆ అవసరమే లేదు. గవర్నరుకి 60 ఒక్కటే తెలుసు. బడి వచ్చిందని, ఇది సందని, ఎదురుగా పిల్లలున్నారని దానికి తెలియదు. 59లో బడి ముందు నుంచి పోయినా కిక్కురుమనదు. అసలు అదుండటం మనకే మంచిది. "గవర్నరుంది కదా, ఎక్కువ పోలేడు" అని అందరూ నిశ్చింతగా ఉంటారు.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఎక్కువ చెప్పను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అప్పుడు 25లో పోతే బండి హాయిగా ఊగి దాటుతుందట. మనవాళ్ళు బ్రేకరు అలా వెయ్యరు. ఏదో జరిగిన మర్నాడు రాత్రి ఊరివాళ్ళే కూడి, పొలం గట్టు వేసినట్టు వేస్తారు. రంగుండదు, ముందు బోర్డుండదు. దాన్ని వేగంగా ఎక్కితే వెనక సీటు పిల్లలు గాల్లోకి ఎగిరి కేరింతలు కొడతారు. ఓసారి ఒకడు నాలుక కొరుక్కున్నాడు. ఆయమ్మ కొంగు తడిపి పెట్టింది. బ్రేకరు లేనిచోట ఏమీ జరగలేదని, ఉన్నచోట ఏదో జరిగిందని గుర్తుపెట్టుకుంటే దారి వెంట ఊళ్ళ చరిత్ర తెలుస్తుంది.

ఆయమ్మ అన్నాను కదా. పిల్లల్ని దింపి, రోడ్డు దాటించి, అప్పుడు రైట్ అనే మనిషి. ఆవిడ రైట్ అనేదాకా ఆగితే స్టాపుకి ముప్పై సెకన్లు పోతాయి. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టగానే కదిలించెయ్యి, అలవాటు పడుతుంది. బస్సు ముందు బంపరు దగ్గర నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల మన సీట్లోంచి కనిపించదు. దానికే ముందు పెద్ద గుండ్రటి అద్దం పెడతారు. మన బస్సులో ఆ అద్దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాం.

మాసాయిపేట పేరు ఎవరైనా ఎత్తితే మాట మార్చెయ్యి. 2014 జూలై 24 పొద్దున, మెదక్ జిల్లాలో, కాపలా లేని రైల్వే గేటు దగ్గర ప్యాసింజరు రైలు బడి బస్సుని కొట్టింది. ఆ వారం మా అందరినీ కూర్చోబెట్టి క్లాసు చెప్పారు. అందరం నిదానంగా నడిపాం. బడి ముందు 25 కూడా కాదు, 20. టైమ్‌టేబుల్ మాత్రం మార్చలేదు. పంద్రాగస్టు వచ్చేసరికి మామూలైపోయాం.

అయినా చలానా భయం ఉంటుంది కదా అంటావు. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో పెద్ద ప్రయాణికుల బళ్ళకి అతివేగానికి రెండు వేల నుంచి నాలుగు వేలు. రెండోసారి అయితే లైసెన్సు తీసేసుకోవచ్చు. కానీ స్పీడ్ గన్ హైవే మీద పెడతారు, బడి ముందు పెట్టరు. ఇరవై రెండేళ్ళలో ఆ మూడొందల మీటర్లలో నన్ను ఒక్కసారీ ఆపలేదు. ఒక్కసారి తప్ప.

ఆ కథ చెప్తానన్నాను కదా. ఆరేళ్ళయింది. రెండో ట్రిప్పు, 8:37. మన బడిదే ఇంకో బస్సు ఎడంపక్కన ఆగి ఉంది. దాని ముందు నుంచి స్టీలు వాటర్ బాటిలొకటి దొర్లుకుంటూ రోడ్డు మధ్యకి వచ్చింది. బాటిలే కదా అనుకున్నాను. దాని వెనకే నాలుగో తరగతి పిల్లవాడు వంగుని పరిగెత్తుకొచ్చాడు. నా బండి యాభైకి కాస్త తక్కువలో ఉంది. హారను కొట్టాను. ముందు హారనే కొట్టాను, తమ్ముడూ. చెయ్యికున్న అలవాటు కాలికి లేదు.

బతికాడు. కాలు ఒకటి సరిగ్గా రాలేదు. గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఎందుకో ఆ పిల్ల నోట్సు కాగితం గుర్తొచ్చింది. ఎన్ని మీటర్లుందో వేలితో గాల్లో కొలిచాను. సెక్షన్లు 279, 338. ఇప్పుడు వాటి నంబర్లు మారి 281, 125 అయ్యాయి. నా కేసు పాత నంబర్లతోనే నడుస్తోంది. మిగిల్చిన పదకొండు రోజులూ మొదటి ఏడాది వాయిదాలకే చాల్లేదు. గేటు 8:40కి తీశారు ఆ రోజు కూడా.

కరస్పాండెంటు గారు దయగల మనిషి, అన్యాయం చెయ్యలేదు. లైసెన్సు పోయినవాడికి స్టూలు ఇచ్చారు. గేటు పక్కన, నీడలోనే. ఏడున్నరకి వస్తాను, చిన్న గేటు తీస్తాను, పెద్ద గేటుకి తాళం వేసి కూర్చుంటాను. ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతి, నడిచే వస్తాడు. రోడ్డవతల మలుపులో వాడి తల కనిపించగానే లేచి వెళ్ళి చిన్న గేటు పట్టుకుని నిలబడతాను, వాడికి కాస్త టైము పడుతుంది కాబట్టి. నాకు నమస్తే పెడతాడు. ఎందుకు పెడతాడో తెలియదు.

రేపు నీ రెండో ట్రిప్పు వచ్చేసరికి వాడు రోడ్డు దాటుతుండొచ్చు. నేను రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యి అడ్డం పెడతాను, ఆగు. హారను కొట్టకు. తొందరపడీ లాభం లేదు, 8:40 దాకా పెద్ద గేటు తియ్యను.